వెలిగిన పొయ్యిల లెక్క

మా వీధి చివర పొద్దున్నే చేపల మేత లారీ ఒకటి వచ్చి ఆగుతుంది. తవుడూ వేరుశనగ చెక్కా ఇంకా ఏవో మందులూ కలిసిన ఆ వాసన ఏలూరులో ఈ మూల ఉన్నవాళ్లందరికీ అలవాటే అయినా, పక్కింటావిడ మాత్రం రోజూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ డ్రైవరు దుంపతెంచి గానీ లోపలికి పోదు. నాకు కోపం రాదు. ఇష్టమూ కలగదు. కొన్నేళ్లుగా నాకు ఏదీ గట్టిగా తగలడం లేదు, సంతోషమైనా అంతే, ఏడుపైనా అంతే. డాక్టరుకి చూపించుకోమంటుంది మా అమ్మాయి. వెళ్లి ఏమని చెప్పను, ఎక్కడా నొప్పి లేదని చెప్పనా? ఆ లారీ వాసన వచ్చినప్పుడు మాత్రం నేను కొంచెంసేపు గుమ్మంలో నిలబడతాను. చెరువులూ మేతలూ రాకముందు, కొల్లేరు కొల్లేరుగా ఉన్నప్పుడు, మేం ఉన్న ఊరు గుర్తొస్తుంది. గుర్తు రావడమే, అంతకు మించి ఏమీ లేదు.

ఆ ఊరి పేరు గూడలంక. చుట్టూ నీళ్లు, మధ్యలో ఎత్తుగా పోసిన మట్టిదిబ్బ, దానిమీద రెండు వీధులు. మా నాన్న ఆ ఊరి పంచాయతీకి గుమస్తా. నిజానికి మాది తాడేపల్లిగూడెం. తాతగారిది బెల్లం కొట్టు. పెద్దకొడుకు గల్లాపెట్టె ముందు కూర్చుంటాడని ఆయన ఆశపడితే, మా నాన్న బెల్లం దిమ్మలకి ముసిరే ఈగల్ని చూస్తూ బతకలేనని చెప్పి, ఎవరూ వెళ్లడానికి ఒప్పుకోని ఈ లంక ఉద్యోగం ఏరికోరి తెచ్చుకున్నారు. ఈగలు వద్దన్నవాడికి దోమలు దొరికాయి అనేది మా అమ్మ. అమ్మ పుట్టిల్లు ఉంగుటూరు దగ్గర, కాలవ గట్టున. నీళ్లంటే ఆవిడకి కాలవ నీళ్లే. ఒడ్డు కనబడని నీళ్లు మొదటిసారి చూసిన రోజున దోనె ఎక్కనని మొండికేసిందట. మూడోఏడు వచ్చేసరికి తనే తెడ్డు వెయ్యడం నేర్చుకుంది.

ఆషాఢంలో తొలేకాశికి పేలపిండి కొట్టే వేళకి ఎర్రనీళ్లు దిగేవి. ఎక్కడో చింతలపూడి అవతల మెరకల మీద కురిసిన వాన తమ్మిలేరులో పడి, రెండు మూడు రోజులకి మా దిబ్బ చుట్టూ ఎర్రగా తేలేది. అప్పటినుంచి కార్తీకం దాకా మా ఊరు చిన్నది. దిబ్బ అంచున ఉన్న పాకల్లోకి నీళ్లొస్తే ఆ ఇళ్లవాళ్లు చాపలూ కుండలూ కోళ్లగంపలూ పట్టుకుని పై వీధిలోకి వచ్చేసేవారు. మళ్లీ ఎండలు ముదిరేసరికి నీళ్లు వెనక్కి పోయి, మెత్తటి నల్లమట్టి బయటపడి, దాని మీద వరి నాట్లు పడి, ఊరు నాలుగింతలు పెద్దదయ్యేది. పిల్లలం కలువతూళ్లు విరిచి దండలు చేసుకుని మెళ్లో వేసుకునేవాళ్లం, తామర కాయల్లోంచి గింజలు ఒలుచుకుని తినేవాళ్లం, తుంగ దుబ్బుల్లో నీటికోడి గుడ్లు వెతికేవాళ్లం. మేం శాకాహారులం గనక గుడ్లు వెతకడం వరకే నా వంతు. నేను ఒకసారి నా స్నేహితురాలి ఇంట్లో రొయ్యపొట్టు కారం అన్నంలో కలుపుకుని తిన్నాను. అమ్మకి తెలియలేదు, తెలిసినా ఇప్పుడు అడిగేవాళ్లెవరూ లేరు.

ఆ ఊరికి సొంత పంచాయతీ రావడం వెనక ఒక కథ ఉంది, అది ఊళ్లో చంటిపిల్లలకి కూడా వచ్చు. అంతకుముందు గూడలంక, ఒడ్డున ఉన్న పెదగరువు అనే పెద్ద ఊరి కింద ఉండేది. పుట్టుక రాయించాలన్నా చావు రాయించాలన్నా పెదగరువు వెళ్లాలి, ఎండాకాలమైతే నడక, వానాకాలమైతే దోనె. ఒక వానాకాలం దీపాల నూనె పెదగరువు వరకూ వచ్చి నెలరోజులపాటు అక్కడే ఉండిపోయిందట. దాంతో లంకవాళ్లంతా ఒకే మాట మీద నిలబడి, పదకొండు దోనెల్లో బయల్దేరి, ఏలూరు దాకా నడిచి, ఆఫీసర్ల గుమ్మాల ముందు రోజుల తరబడి కూర్చుని సొంత పంచాయతీ సంపాదించారు. ఆ పదకొండు దోనెల్లో మొదటిది తోసిన మనిషే నాకు తెలిసిన ప్రెసిడెంటు, వీర్రాజుగారు. ఎన్నికలెప్పుడొచ్చినా ఆయనే, పోటీ ఉండేది కాదు. చదువు లేదు, సంతకం మాత్రం చక్కగా, తీరిగ్గా, అక్షరం అక్షరం దిద్దుతున్నట్టు చేసేవారు. ఆయన సంతకం పెడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడేవారు కాదు.

పంచాయతీ ఆఫీసంటే ఒక పెంకుటిల్లు, రెండు బల్లలు, ఒక బీరువా, గుమ్మం ముందు జెండా కర్ర. బీరువాలో కింది అర ఖాళీగా ఉండేది, నీళ్లొస్తే అంతవరకూ వస్తాయని. పంద్రాగస్టుకి జెండా ఎగరేసి పిల్లలకి తలా ఒక బొంబాయి మిఠాయి పెట్టేవారు, దానికోసం పక్క లంకల పిల్లలు కూడా తెల్లారకుండానే దోనెలేసుకుని వచ్చేస్తే వీర్రాజుగారు వాళ్లనీ వరసలో నిలబెట్టేవారు. సమావేశాలు మాత్రం లోపల జరగగా నేను చూడలేదు. మెంబర్లు వలలు ఎత్తుకుని వచ్చి, గట్టుమీద దోనె అంచునే కూర్చుని, చుట్టలు కాలుస్తూ మాట్లాడుకునేవారు. మా నాన్న మోకాళ్ల మీద మినిట్స్ పుస్తకం పెట్టుకుని రాసుకునేవారు. ఆ పుస్తకం నిండా పొలుసులు అంటుకుని మెరుస్తుండేవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గూడలంకలో ఇళ్లు లెక్కపెట్టరు, పొయ్యిలు లెక్కపెడతారు. ఇల్లంటే ఏముంది, ఏటా వరదకి గోడ కూలుతుంది, మళ్లీ నాలుగడుగులు పక్కన లేస్తుంది. ఒకే కప్పు కింద ముగ్గురు అన్నదమ్ములు మూడు పొయ్యిలు పెట్టుకుని ఉంటారు. అందుకని ఊరి పని ఏదైనా పొయ్యికో మనిషి. దారికి అడ్డంపడ్డ గుర్రపుడెక్క కోయడానికి పొయ్యికో మనిషి, వరదలో గట్టు కాపలాకి పొయ్యికో మనిషి. ఊరంతా కలిసి వల లాగితే పడిన చేపలు పొయ్యికో వాటా. అయితే వెలిగే పొయ్యే పొయ్యి. ఒక ఇంట్లో మనిషి పోతే ఆ రక్తసంబంధం ఉన్న ఇళ్లన్నిటిలోనూ చిన్నదినం అయ్యేవరకూ పొయ్యి రాజెయ్యరు. ఎదుటి వీధివాళ్లు వండి తెస్తారు. ఆ మూడు రోజులూ ఆ ఇళ్లు ఏ లెక్కలోకీ రావు. వాళ్లని పనికి పిలవరు, పేరు చదవరు. ఆరిన పొయ్యిని లెక్కలో వేస్తే ఆ ఇంట్లో ఇంకో మనిషి తగ్గుతాడని వాళ్ల భయం. భయమనేది నా మాట. వాళ్లు దాన్ని మర్యాద అనేవారు.

మా నాన్న ఆ ఊళ్లో ఎనిమిదేళ్లు ఉన్నారు. వెళ్లిన కొత్తలో ఆఫీసు రిజిస్టర్లో ఉన్న ఇంటి నంబర్లు పట్టుకుని తిరిగితే ఒక్క నంబరూ ఒక్క గోడకీ సరిపోలేదట. దాంతో రిజిస్టరు బీరువాలో పడేసి, వాళ్ల పద్ధతిలోకే దిగారు. తెల్లవారగానే స్నానం చేసి, విభూతి రేఖలు పెట్టుకుని, రెండు వీధులూ ఒక చుట్టు చుట్టి, ఏ కప్పులోంచి ఎన్ని పొగలు లేస్తున్నాయో వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చేవారు. వానాకాలంలో అయితే తడిసిన తుంగ మండక ఊరంతా పొగే, అందులో నిలబడి కళ్లు నులుముకుంటూ లెక్కపెట్టేవారు. ఇంటికి రాగానే అమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ, ‘ఏవండీ, ఇవాళ మన పొయ్యి కూడా లెక్కలో ఉందా, లేకపోతే కాఫీ తిరిగిచ్చేయండి’ అని ఆటపట్టించేది.

నేను ఆరో క్లాసులో ఉండగా పైనుంచి ఒక కాగితం వచ్చింది. మరీ చిన్న పంచాయతీలను పక్కవాటిలో కలిపేస్తారనీ, ఇన్ని ఇళ్లకి తక్కువుంటే విడిగా ఉండనివ్వరనీ, ఫలానా తేదీలోగా ఇళ్ల లెక్క పంపమనీ దాని సారాంశం. నాన్న దాన్ని గట్టుమీద చదివి వినిపించారు. ఎవరూ కంగారుపడలేదు, ఊళ్లో అంతకంటే ఎక్కువ పొయ్యిలున్నాయని అందరికీ తెలుసు. మా ఊరు మాకుంటదిలెండి అని చుట్టలు ఆర్పేసి లేచిపోయారు. వానలూ వరదా హడావుడిలో ఆ కాగితం సంగతి గడువు దాకా వచ్చేసింది.

గడువుకి రెండు రోజుల ముందు వీర్రాజుగారి అమ్మ పోయింది. వయసు ఎంతో ఎవరికీ తెలియదు. ఊరికంతటికీ నాయనమ్మే, కింది వీధి మొత్తం ఆవిడ సంతానమే. ఆవిడని తాటి దోనెలో పడుకోబెట్టి ఎత్తు ఉన్న చోటికి తీసుకెళ్తుంటే, నీళ్ల మీద పరుచుకున్న తామరాకులు పక్కకి జరిగి దారిచ్చినట్టే ఉంది. ఆ మూడు రోజులూ పైవీధి ఆడవాళ్లు గంపలతో అన్నం మోస్తూనే ఉన్నారు. అమ్మ కూడా ముద్దపప్పూ గోంగూర పచ్చడీ పంపింది.

మూడోరోజు పొద్దున్న, చిన్నదినం ఇంకా కాకముందే, గడువులోపు కాగితం పట్టుకెళ్లే టపా దోనె బయల్దేరాలి. మా నాన్న రోజూలాగే లేచి, రోజూలాగే రెండు వీధులూ తిరిగి, రోజూలాగే కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చి, కాగితం మీద ఆ అంకె వేసి, ముద్ర కొట్టి, మెట్ల మీద నిలబడ్డ టపా మనిషి చేతికిచ్చారు. ఒక నకలు తన దగ్గర ఉంచుకున్నారు. నేను అరుగు మీద తొక్కుడుబిళ్ల గీతలు గీసుకుంటూ చూస్తూనే ఉన్నాను. ఆయన మొహంలో ఏ తడబాటూ లేదు. బయటినుంచి వచ్చిన గుమస్తా ఎవరైనా ఆ తప్పు చెయ్యడు. ఎనిమిదేళ్లలో ఊరివాడైపోయిన మనిషే చేస్తాడు.

ఉత్తర్వు రావడానికి రెండు నెలలు పట్టింది. గూడలంకకి పదకొండు ఇళ్లు తక్కువపడ్డాయి, కాబట్టి పెదగరువులో కలుస్తుంది. నాన్న ఆ కాగితం ఆఫీసులో చదువుకుని ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. మడి గుడ్డతో ఉన్న అమ్మ అదేంటండీ అని గసరబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. ‘కింది వీధి వెయ్యలేదే’ అన్నారు. అంతే. ఆ పూట ఆయన అన్నం తినలేదు, మా అమ్మా తినలేదు, నేను తిన్నాను. అప్పుడు నాకేమనిపించిందని అడిగితే, నిజం చెప్పాలంటే ఆకలేసింది.

సాయంత్రం వీర్రాజుగారింటికి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్లారు, ఒక్కరూ వెళ్లడానికి కాళ్లు రాలేదేమో. ఆయన వల బాగుచేసుకుంటున్నారు. నాన్న నీళ్లు నములుతూ, తన వల్ల జరిగిన తప్పంతా చెప్పారు. గవర్నమెంటు అడిగింది ఇళ్లు, తాను రాసింది పొయ్యిలు, ఇప్పుడు లెక్క తప్పని ఒక అర్జీ రాస్తే, దానికింద ప్రెసిడెంటు సంతకం ఉంటే, మళ్లీ లెక్క చూస్తారు. అర్జీ జేబులోనే ఉంది, రాసి తెచ్చారు. వీర్రాజుగారు సూది ఆపి చాలాసేపు విన్నారు.

‘తప్పేవుందండీ అందులో? ఆ పొద్దు మా వీధిలో పొయ్యి వెలగలేదు.’

‘అది మనకండీ. వాళ్లకి ఇల్లు కావాలి.’

‘మా అమ్మ పోయిన మూడోరోజున మా ఇంట్లో పొయ్యి వెలిగిందని నా చేత సంతకం పెట్టిత్తారా గుమస్తాగారూ?’

నాన్న బతిమాలారు. పదకొండు దోనెల సంగతి గుర్తుచేశారు, నూనె సంగతి గుర్తుచేశారు, పిల్లల పుట్టుకలు మళ్లీ పెదగరువులో రాయించుకోవాలన్నారు. వీర్రాజుగారు మాత్రం లెక్క సరిగ్గానే ఉంది గనక తప్పని రాయడం కుదరదన్నారు, అంతే. మీరు వెలిగినట్టు రాసుంటే నేను మీ మొహం చూసేవాణ్ణి కాదండీ అని కూడా అన్నారు. తాను సంపాదించిన పంచాయతీని తన చేత్తోనే పోగొట్టుకుంటున్నాడని ఆయనకి తెలియకేం, తెలుసు. ఆయన మళ్లీ వల కుట్టడం మొదలుపెట్టారు. వీర్రాజుగారి భార్య నాకు తామర కాయ ఒకటి చేతిలో పెట్టి, ఇంటికెళ్లి తిను తల్లీ అంది.

నాన్న తన పేరుతోనే అర్జీ పంపారు. ప్రెసిడెంటు సంతకం లేదని తిప్పి పంపారు. ఊళ్లో ఎవరూ నాన్నని ఒక్క మాట అనలేదు. అనడం కాదు, అనుకోను కూడా లేదు, అది నేను చిన్నపిల్లనైనా చెప్పగలను, ఎందుకంటే పిల్లలు నన్ను ఆటలోంచి తియ్యలేదు. వాళ్ల దృష్టిలో గుమస్తాగారు లెక్క సరిగ్గా రాశారు, పైవాళ్లే దాన్ని సరిగ్గా చదవలేకపోయారు. తప్పు చేశానని నమ్మిన మనిషి ఆ ఊళ్లో ఒక్కరే, ఆయన మా ఇంట్లో ఉండేవారు.

దీపావళి వెళ్లాక రిజిస్టర్లూ బీరువా బల్లలూ దోనెల్లో పెదగరువు వెళ్లిపోయాయి. జెండా కర్ర మాత్రం వదిలేశారు, తీయడం కష్టమని. నాన్నని మొదట పెదగరువు ఆఫీసులో వేశారు, రెండేళ్లకి ఏలూరు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాటల్లో నాకు గుర్తున్నవి చాలా తక్కువ. దోనె కనబడితే తల తిప్పుకునేవారు. లంక నుంచి ఎవరైనా ఏలూరు వస్తే మా ఇంటికి రాకుండా పోయేవారు కాదు. మేం చేపలు తినమని తెలుసు గనక తామర దుంపలూ తుమ్మికూర కట్టలూ తెచ్చేవారు. నాన్న పెరట్లోకి వెళ్లిపోయేవారు, అమ్మే మాట్లాడి మజ్జిగ ఇచ్చి పంపేది. వీర్రాజుగారు ఒకసారి వచ్చి వసారాలో గంటసేపు కూర్చున్నారు. పెరట్లో మనిషి రాలేదు. వెళ్లేటప్పుడు ఆయన, ఈ మనిషికి తన లెక్క మీద తనకే నమ్మకం లేదండీ అని అమ్మతో అన్నారు. తర్వాత ఆయన పోయారని విన్నాం. ఆ తర్వాత ఒక్కొక్కరూ. అమ్మ పోయింది, చివరికి నాన్న పోయారు. నాన్న పోయిన రోజు కూడా నేను పనిచేసే కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు చీటీలో ఏం రాయాలో స్పష్టంగా చెప్పాను. అందరూ గట్టిమనిషి అన్నారు.

మొన్న ఆదివారం ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. గూడలంక వాళ్లు. అందులో ఒకడు వీర్రాజుగారి మనవడు, ఇంజనీరింగు చదివాడట, చక్కగా అండీ అండీ అంటూ మాట్లాడతాడు. ఇప్పుడు లంకకి రోడ్డుంది, కరెంటుంది, ఇంటింటికీ గ్యాసుంది. చుట్టూ చేపల చెరువుల గట్లు. పెదగరువు మీద మాత్రం మంట అలాగే ఉంది. వీధిదీపాలన్నీ వాళ్లకే, మంచినీళ్లన్నీ వాళ్లకే అని వాళ్ల బాధ. మళ్లీ సొంత పంచాయతీ కావాలని అర్జీ పెడుతున్నారు. పాత కాగితాలేమైనా ఉన్నాయేమోనని వచ్చారు. నాన్న పెట్టెలోంచి ఆ నకలు తీసిచ్చాను. మనవడు అంకె చూసి, అప్పట్లో మా ఊరు ఇంతేనా అండీ అన్నాడు.

పొయ్యిల సంగతి చెప్పాను. వాళ్ల తాతగారి అమ్మ పోవడం, మూడోరోజు, కింది వీధి, అన్నీ. ముగ్గురూ బుద్ధిగా విన్నారు. ఆరిన పొయ్యిని ఎందుకు లెక్కపెట్టకూడదో నేను రెండుసార్లు చెప్పాను. వాళ్లకి అర్థం కాలేదు. మర్యాద కొద్దీ ఆ మాట పైకి అనలేదు. ఒకడు, పాపం అప్పటివాళ్లు ఎంత అమాయకులో అన్నాడు.

‘అంటే గుమస్తాగారు తప్పు రాశారన్నమాట’ అన్నాడు మనవడు. ‘ఏమనుకోకండి మేడమ్. ఆ ముక్కే మీరొక కాగితం మీద రాసిచ్చారంటే మా అర్జీకి చాలా బలం వస్తుందండీ. మీరు ఆయన కూతురు కదా.’

వాడి తప్పేం లేదు. ఊరు వాడిది, అడగడానికి హక్కుంది. నేను రాసిస్తే ఆ ఊరికి మళ్లీ పేరు రావచ్చు, నాన్న ఆ రోజు జేబులో పెట్టుకుని తిరిగిన కోరిక కూడా అదే. కాకపోతే ఆయన లెక్క సరైనదేనని ఒట్టేసి చెప్పగలిగిన మనుషులు ఒకప్పుడు ఊరినిండా ఉండేవారు, ఇప్పుడు ఒక్కరూ లేరు. గూడలంకలో పోయింది పంచాయతీ కాదు, వాళ్లు. వాళ్లున్నంతకాలం మా నాన్న తప్పు చెయ్యలేదు.

టీ పెట్టి ఇచ్చాను. తెల్లకాగితం తెచ్చుకుని, మా నాన్నగారు పంపిన ఇళ్ల లెక్క తప్పు అని రాశాను. మనవడు చదువుకుని, చాలా థాంక్సండీ, సంతకం కింద తారీఖు కూడా వెయ్యండి అన్నాడు. వేశాను.